పాత ల్యాప్‌టాప్‌కు ప్రాసెసర్, ర్యామ్ మార్చాలా వద్దా: డబ్బు పెట్టకముందే తేల్చుకోవడం ఎలా?

‘ల్యాప్‌టాప్ కొని ఏడెనిమిదేళ్లయింది. తెరుచుకోవడానికే ఐదు నిమిషాలు పడుతోంది. ప్రాసెసర్ మార్పించమంటారా, ర్యామ్ పెంచమంటారా?’ పదేపదే వస్తున్న ప్రశ్న ఇది. అడిగేవారు మోడల్ పేరు చెబుతారు, కొన్న ధర చెబుతారు, విశాఖపట్నం ద్వారకానగర్‌లోనో డాబాగార్డెన్స్‌లోనో దుకాణంవారు వేసిన అంచనా కూడా చెబుతారు. ఏ పని దగ్గర నెమ్మదిస్తోందో మాత్రం చెప్పరు. అది తెలియకుండా ఎవరు సలహా ఇచ్చినా గుడ్డిలెక్కే.

ముందుగా ఒక మాట. మీ ల్యాప్‌టాప్ 2015లోనో ఆ తరవాతో తయారైతే ప్రాసెసర్ మార్చే ఆలోచన దాదాపుగా వదిలేయవచ్చు. కారణం నాలుగో మెట్టులో ఉంది. ర్యామ్ సంగతి మాత్రం కొలిచి చూస్తేగానీ తేలదు. కొలవడానికి ఒక గంట చాలు, పైసా ఖర్చు లేదు.

దగ్గర పెట్టుకోవలసినవి:

- ల్యాప్‌టాప్ అడుగున అంటించిన కాగితం మీది పూర్తి మోడల్ నంబరు. బ్రాండు పేరు, సిరీస్ పేరు సరిపోవు. ఒకే సిరీస్‌లో పది రకాల మదర్‌బోర్డులు (భాగాలన్నీ కూర్చునే ప్రధాన సర్క్యూట్ బోర్డులు) ఉంటాయి.
- సీపీయూ-జడ్, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే రెండు ఉచిత ప్రోగ్రాములు. తయారీదారుల సొంత సైట్ల నుంచే దించుకోండి.
- ఫొటోలు తీయడానికి ఫోను.
- విప్పే పని పెట్టుకుంటే సన్నటి ప్లస్ స్క్రూడ్రైవరు, మూత అంచు లేపడానికి గడువు తీరిన ఏటీఎం కార్డు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా.
- ముఖ్యమైన ఫైళ్ల నకలు వేరే డిస్కులో. ఇది లేకుండా ఏ స్క్రూ మీదా చేయి వేయకండి.

1. జబ్బు ఎక్కడుందో మాటల్లో రాయండి

స్విచ్ నొక్కాక తెర వచ్చేదాకా ఆలస్యమా? బ్రౌజర్‌లో పదిహేను ట్యాబులు తెరిచాక బిగుసుకుపోతోందా? వీడియో ఎడిటింగులో చివరి ఫైలు తయారవడానికి గంటలు పడుతోందా? పొద్దున బాగానే ఉండి మధ్యాహ్నం మొరాయిస్తోందా? ఈ నాలుగింటికీ మందు ఒకటి కాదు. మొదటిది సాధారణంగా హార్డ్ డిస్కు, రెండోది ర్యామ్, మూడోది ప్రాసెసర్, నాలుగోది వేడి. సాధారణంగా అన్నాను, నిర్ధారణ తరవాతి మెట్టులో.

2. పని చేస్తూ కొలవండి

మీరు రోజూ వాడే ప్రోగ్రాములన్నీ తెరవండి. అరగంటపాటు మామూలుగా పని చేసుకోండి. బాగా నెమ్మదించిన సమయంలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో ‘పెర్ఫార్మెన్స్’ విభాగానికి వెళ్లి సీపీయూ (అంటే ప్రాసెసర్), మెమరీ (అంటే ర్యామ్), డిస్క్ పేజీలను ఒక్కొక్కటిగా చూసి ఫొటో తీసుకోండి.

మెమరీ పేజీలో ‘ఇన్ యూజ్’ అంకె మొత్తం ర్యామ్‌లో ఎంత భాగమో చూడండి. పని ఎంత ఒత్తిడిగా ఉన్నా 70 శాతం దాటకపోతే కొత్త ర్యామ్ వేసినా తేడా తెలియదు. 85, 90 శాతం దగ్గర నిలబడి, ‘కమిటెడ్’ కింద ఉన్న మొదటి అంకె మీ ర్యామ్ పరిమాణాన్ని మించిపోయిందంటే ర్యామ్ నిజంగానే చాలడం లేదు. ఉదాహరణకు 4 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో అక్కడ 7 జీబీ కనిపిస్తే, మిగిలిన భారం డిస్కు మోస్తోందని అర్థం.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ఆన్ చేయగానే చూడటం. ఆ మొదటి కొన్ని నిమిషాల్లో విండోస్ తన సొంత పనులు చక్కబెట్టుకుంటుంది. అంకెలన్నీ ఎక్కువగానే ఉంటాయి. రెండో పొరపాటు, 8 జీబీలో సగం నిండిందని కంగారుపడటం. ఖాళీగా పడి ఉన్న ర్యామ్ వల్ల లాభం లేదు కాబట్టి విండోస్ దాన్ని కావాలనే వాడుకుంటుంది.

డిస్క్ పేజీలో ‘యాక్టివ్ టైమ్’ 100 శాతం దగ్గర అతుక్కుపోయి, సీపీయూ 10, 20 శాతంలో కునుకు తీస్తోందా? పక్కన డిస్కు రకం ‘హెచ్‌డీడీ’ అని ఉందా? అయితే మీ ప్రశ్నకు జవాబు ప్రాసెసరూ కాదు, ర్యామూ కాదు. హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు పెట్టించండి. పాత ల్యాప్‌టాప్‌కు చేసే ఖర్చుల్లో కంటికి కనిపించే ఫలితం ఇచ్చేది ఇదే. ఏ దుకాణంవారైనా ఇది చూడకుండా ప్రాసెసర్ మాట ఎత్తితే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

మెమరీ, డిస్కు రెండూ నిండుగా కనిపిస్తే తికమక పడవద్దు. చాలని ర్యామ్ డిస్కును కూడా పరుగెత్తిస్తుంది. హార్డ్ డిస్కే ఉంటే ముందు ఎస్ఎస్‌డీ వేసి మళ్లీ కొలవండి, అప్పుడూ మెమరీ నిండితే ర్యామ్ కొనండి. చేతిలో డబ్బు ఉంటే రెండూ ఒకేసారి చేయించుకున్నా నష్టం లేదు. విప్పడం ఒక్కసారితో పోతుంది.

సీపీయూ 100 శాతం దగ్గర నిమిషాల తరబడి ఉంటే, ప్రాసెసర్ను నిందించేముందు ‘ప్రాసెసెస్’ విభాగంలో సీపీయూ వరస మీద నొక్కండి. ఎక్కువ తినే ప్రోగ్రాము పైకి వస్తుంది. రెండు యాంటీవైరస్‌లు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటున్న ల్యాప్‌టాప్‌లకు కొదవలేదు. మీరు నిజంగా చేస్తున్న పనే, అంటే వీడియో తయారీయో, పెద్ద ప్రోగ్రాము కంపైల్ చేయడమో పైన ఉంటేనే అది ప్రాసెసర్ లోటు.

అదే సీపీయూ పేజీలో ‘స్పీడ్’ అంకె కూడా చూడండి. ఎంత పని ఇచ్చినా ఒక గిగాహెర్ట్జ్ లోపే ఆగిపోతుంటే కారణం వేరే ఉండవచ్చు. కొన్ని ల్యాప్‌టాప్‌లు ఛార్జర్‌ను గుర్తుపట్టలేకపోతే కావాలనే వేగం తగ్గించుకుంటాయి. సరైన వాట్ల అసలు ఛార్జర్ ఎవరిదైనా అడిగి తెచ్చి పెట్టి చూడండి. దానితో బాగుపడితే ఇక చదవనక్కరలేదు.

3. వేడి సంగతి విడిగా చూడండి

విశాఖలో ఈ మెట్టు దాటేయడానికి వీల్లేదు. సముద్రపు ఉప్పుగాలి, ఏడాదిలో ఎక్కువ నెలలు తేమ, ఏప్రిల్, మే మధ్యాహ్నాల ఉక్కపోత. పాతనగరం, జ్ఞానాపురం వైపు ఇళ్లలో పోర్టు నుంచి వచ్చే నల్లటి పొడి దీనికి తోడు. ఆ పొడి ఫ్యాను రెక్కలకు, హీట్ సింక్ (ప్రాసెసర్ వేడిని లాగి వదిలే లోహపు భాగం) రేకుల మధ్యకు చేరి తేమతో కలిసి గట్టిపడుతుంది. ఊదితే పోయే దుమ్ము కాదది. విప్పి బ్రష్‌తో గీకితే నల్లటి పట్టీలా ఊడి వస్తుంది.

హెచ్‌డబ్ల్యూఇన్ఫోను ‘సెన్సర్స్ ఓన్లీ’ గడిలో టిక్కు పెట్టి నడపండి. రాత్రి ఒకసారి, ఏసీ లేని గదిలో మధ్యాహ్నం ఒకసారి అదే పని చేస్తూ ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూడండి. 95 డిగ్రీలు దాటి, ‘థర్మల్ థ్రాట్లింగ్’ ఎదురుగా ‘యెస్’ అని వస్తే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటోంది. అలాంటి యంత్రంలో ఇంకా పెద్ద ప్రాసెసర్ పెడితే వేడి పెరుగుతుందే తప్ప పని పెరగదు. ఫ్యాను శుభ్రం చేయించి, ప్రాసెసర్‌కు, హీట్ సింక్‌కు మధ్య పూసే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటే మార్పించండి. వారం వాడి రెండో మెట్టు మళ్లీ చేయండి. సగం మందికి సమస్య ఇక్కడే తీరిపోతుందని నా అంచనా.

4. ప్రాసెసర్ అసలు ఊడుతుందా?

సీపీయూ-జడ్ తెరిచి మొదటి పేజీలో ‘ప్యాకేజ్’ ఎదురుగా ఏముందో చదవండి. ‘బీజీఏ’ అనే అక్షరాలు ఉంటే ప్రాసెసర్‌ను మదర్‌బోర్డుకు టంకంతో అతికించేశారు. అది ఊడదు. ఊడదీసి వేరేది అతికించే యంత్రాలు ఉన్నవారు ఉంటారు గానీ, ఆ ఖర్చుకు, ఆ గండానికి పాత ల్యాప్‌టాప్ తగదు. ‘పీజీఏ’ అని ఉంటేనే కింద సాకెట్, అంటే తీసి పెట్టడానికి వీలైన గూడు ఉన్నట్టు.

ప్రోగ్రాము చెప్పినది పేరుతో కూడా సరిచూడండి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర యు, వై, హెచ్, హెచ్‌క్యూ ఉంటే అతికించినదే. నాలుగో తరం వరకు ఎం, క్యూఎం, ఎంక్యూ అక్షరాలున్నవి చాలావరకు సాకెట్‌లో ఉండేవి. ఉదాహరణకు 2012 నాటి ఐ5-3210ఎం; గీత తరవాతి మొదటి అంకె 3 కాబట్టి ఇది మూడో తరం. అయితే ఇదే ప్రాసెసర్‌ను అతికించే రూపంలోనూ తయారుచేశారు కాబట్టి పేరొక్కటే నమ్మకండి. ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు సాకెట్లు నాలుగో తరంతోనే, అంటే 2013, 2014 నాటి యంత్రాలతోనే ఆగిపోయాయి. ఐదో తరం నుంచి అన్నీ టంకమే. ఏఎండీ రైజెన్ ల్యాప్‌టాప్‌లలోనూ అంతే. డెస్క్‌టాప్ ప్రాసెసర్ పెట్టిన కొన్ని భారీ గేమింగ్ యంత్రాలు మాత్రమే దీనికి మినహాయింపు.

సరే, మీది సాకెట్ రకమే అనుకుందాం. ఇంకా మూడు అడ్డంకులున్నాయి.

మొదటిది సాకెట్ తరం. రెండో, మూడో తరాలకు ఒకే సాకెట్ సరిపోతుంది, నాలుగో తరానికి వేరు. రెండో తరం బోర్డులో మూడో తరం ప్రాసెసర్ పిన్నులు దిగినంత మాత్రాన పనిచేస్తుందని లేదు. ఆన్ చేయగానే మొదట నడిచే, బోర్డులోని బయోస్ అనే ప్రోగ్రాము దాన్ని గుర్తుపట్టాలి. అందుకే అదే మోడల్ ల్యాప్‌టాప్‌ను కంపెనీ ఏయే ప్రాసెసర్లతో అమ్మిందో సర్వీస్ మాన్యువల్‌లో చూసి, ఆ పట్టికలో ఉన్నదే తీసుకోండి. అన్నిటికన్నా క్షేమకరమైన దారి ఇదే.

రెండోది వాట్లు. ఐ5-3210ఎం 35 వాట్ల ప్రాసెసర్, రెండు కోర్లు. దాని స్థానంలో ఐ7-3632క్యూఎం పెడితే నాలుగు కోర్లు వస్తాయి, వాట్లు 35 దగ్గరే ఉంటాయి. ఐ7-3610క్యూఎం కూడా నాలుగు కోర్లే, కానీ 45 వాట్లు. చిన్న హీట్ సింక్, చిన్న ఛార్జర్ ఉన్న యంత్రంలో ఆ పది వాట్ల తేడా మే నెలలో తెలిసివస్తుంది.

మూడోది కాలం. ఆ ప్రాసెసర్లు కొత్తవి దొరకవు; దొరికేవన్నీ వాడినవే. పైగా విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరమైనా ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా కావాలి. సాకెట్ ఉన్న నాలుగో తరం వరకు ఏ ప్రాసెసర్ వేసినా ఆ గడప దాటదు. కాబట్టి నా తీర్పు ఇది: లినక్స్ (విండోస్‌కు బదులుగా వేసుకునే ఉచిత వ్యవస్థ) వాడేవారు, లేదా ఇంట్లో చెడిపోయిన మరో ల్యాప్‌టాప్ నుంచి సరిపోయే ప్రాసెసర్ ఉచితంగా దొరికినవారు సరదాగా చేసుకోవచ్చు. డబ్బు పెట్టి కొని, కూలి ఇచ్చి చేయించుకోదగిన పని కాదు.

5. ర్యామ్: ఎంత, ఏ రకం, ఎక్కడ?

టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో కింద ‘స్లాట్స్ యూజ్డ్’, ‘ఫామ్ ఫ్యాక్టర్’ అనే రెండు వరసలుంటాయి. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే ర్యామ్ కూడా బోర్డుకు అతికించినదే. ‘ఎస్ఓడిమ్’ అంటే తీసి పెట్టేది. ఈ వరసలు కొన్ని యంత్రాల్లో తప్పు చెబుతాయి. ముఖ్యంగా కొంత అతికించి, పక్కన ఒక స్లాటు ఇచ్చిన మోడళ్లలో. మాన్యువల్‌తో సరిచూసుకున్నాకే నమ్మండి, వీలైతే అడుగు మూత తెరిచి కళ్లతో చూడండి.

రకం తప్పితే వేసినా ఫలితం ఉండదు. ల్యాప్‌టాప్ ర్యామ్ రకాల్లో డీడీఆర్3కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260, డీడీఆర్5కి 262. మధ్యలో ఉండే గాటు స్థానం కూడా మారుతుంది కాబట్టి ఒకటి మరొకదానిలో దిగదు. దిగని చోట బలం పెట్టకండి. అసలు చిక్కు డీడీఆర్3, డీడీఆర్3ఎల్ మధ్య ఉంది. రెండూ ఒకే స్లాటులో దిగుతాయి. మొదటిది 1.5 వోల్టులు, రెండోది 1.35 వోల్టులు. నాలుగో, ఐదో తరం యంత్రాలకు ఎల్ రకమే కావాలి. మామూలు డీడీఆర్3 వేస్తే తెర నల్లగా ఉండిపోతుంది. లేబుల్ మీద ‘పీసీ3ఎల్-12800’ అని, మూడు పక్కన ఎల్ అక్షరం ఉండాలి. దుకాణంలో ‘రెండూ ఒకటే సార్’ అంటే నవ్వి, ఎల్ ఉన్నదే ఇమ్మనండి.

ఎంత? ట్యాబులు, వర్డ్, ఆన్‌లైన్ క్లాసులు, కార్యాలయం పని: 8 జీబీ. ప్రోగ్రామింగు, ఫొటోలు, వర్చువల్ మెషీన్లు: 16 జీబీ. అంతకుమించి పాత యంత్రంలో ఎందుకో మీరే చెప్పాలి. మీ మోడల్ గరిష్ఠంగా ఎంత తీసుకుంటుందో మాన్యువల్‌లో ఉంటుంది. 32 బిట్ విండోస్ ఉంటే 4 జీబీ దాటినది వాడుకోదు. ముందు 64 బిట్‌కు మారాలి.

రెండు స్లాట్లుంటే సమానమైనవి రెండు వేయడం మేలు. రెండు దారుల్లో ఒకేసారి డేటా నడుస్తుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనివాటికి ఈ లాభం ఇంకా ఎక్కువ. వేగాలు వేరైనవి కలిపితే రెండూ తక్కువదాని వేగానికే నడుస్తాయి, అందులో ప్రమాదం లేదు.

2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. నిరుడు స్నేహితుడు కొన్న ధర మనసులో పెట్టుకుని బేరమాడితే లాభం లేదు.

6. తీర్పు

మీ రెండో మెట్టు ఫొటోలు ముందు పెట్టుకోండి. ఎనిమిదో తరమో ఆ పైదో అయితే ఎస్ఎస్‌డీ, ర్యామ్ రెండూ నిస్సంకోచంగా వేయించండి; ఇంకా కొన్నేళ్లు నడుస్తుంది. నాలుగు నుంచి ఏడో తరం వరకైతే ఎస్ఎస్‌డీకి డబ్బు పెట్టండి, వేరే యంత్రానికి మార్చినా అది పనికొస్తుంది. ర్యామ్ మాత్రం వాడినది, చవకగా దొరికితేనే. దానిమీద లినక్స్ మింట్ లాంటిది వేసుకుంటే పిల్లల చదువుకు, బిల్లులు కట్టుకోవడానికి ఇబ్బంది లేదు. అంతకన్నా పాతదైతే, బ్యాటరీ పోయి, తెర తిరిగే కీలు (హింజ్) విరిగి ఉంటే, ఖర్చు వద్దు.

మద్దిలపాలెంలో గది తీసుకుని చదువుకునే ఇంజినీరింగ్ విద్యార్థి దగ్గర ఐ5 ఎనిమిదో తరం, 4 జీబీ, హార్డ్ డిస్కు ఉందనుకోండి. కొత్త ల్యాప్‌టాప్ కోసం ఇంట్లో అడగాల్సిన పని లేదు. అదే గదిలో మరో కుర్రాడి దగ్గర రెండో తరం ఐ3, బీటలు వారిన మూత ఉంటే ఐ7 కోసం వెతకడం దండగ. మొత్తం అంచనా ఒక రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి అమ్మే) ఎనిమిదో తరం ఆఫీసు ల్యాప్‌టాప్ ధరలో మూడోవంతు దాటితే నేనైతే అటే మొగ్గుతాను.

7. ర్యామ్ మీరే వేసుకుంటే

వారంటీ ఇంకా ఉంటే విప్పకముందు షరతులు చదవండి.

ఛార్జర్ తీసేయండి. బ్యాటరీ ఊడేదైతే తీయండి. లోపల ఉంటే మూత తెరవగానే మొదట దాని కనెక్టరు విడదీయండి. పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. ఒంటిమీది స్థిర విద్యుత్తు పోవడానికి ఇనుప బీరువానో కిటికీ ఊచనో ఒకసారి ముట్టుకోండి. స్క్రూలు ఏ రంధ్రంలోవి ఆ రంధ్రం గుర్తుండేలా కాగితం మీద బొమ్మ గీసి దానిమీద పెట్టండి. పొడవైన స్క్రూ పొట్టి రంధ్రంలో బిగిస్తే బోర్డుకు బొక్క పడవచ్చు. చినవాల్తేరు, లాసన్స్ బే కాలనీ వంటి తీరపు ఇళ్లలోని యంత్రాలకు స్క్రూలు తుప్పు పట్టి ఉంటాయి. తల అరిగేదాకా తిప్పకుండా చుక్క నూనె వేసి కాసేపు ఆగండి.

ర్యామ్‌కు రెండు పక్కలా ఉన్న లోహపు చేతులను బయటికి జరపండి. పలక తనంతట తానే పైకి లేస్తుంది, ఏటవాలుగా లాగండి. బంగారు రంగు అంచు చూడండి. మసకబారినా, పచ్చటి మచ్చ కనిపించినా అది తేమ పని. మెత్తటి గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి ఆరనివ్వండి. ఒక్కోసారి ఈ తుడుపుతోనే పాత జబ్బు పోతుంది.

కొత్త పలకను సుమారు ముప్పై డిగ్రీల వాలులో గాటు చూసుకుని లోపలికి నెట్టండి. బంగారు అంచు దాదాపు కనిపించకుండా పోవాలి. అప్పుడే కిందికి నొక్కండి, రెండు చేతులూ టక్కుమంటాయి. ఒకటే టక్కుమంటే సరిగా కూర్చోలేదు. మళ్లీ తీసి పెట్టండి.

8. పనిచేసిందో లేదో సరిచూడండి

మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర నల్లగా కొంతసేపు ఉండవచ్చు, డీడీఆర్5లో ఇది మరీ ఎక్కువ. కొన్ని నిమిషాలు ఆగండి. అప్పటికీ రాకపోతే పాత పలక ఒక్కటే పెట్టి చూడండి, తరవాత కొత్తది ఒక్కటే, తరవాత స్లాటు మార్చి. ఏ కలయికలో వస్తోందో రాసుకుంటే దోషం పలకదా, స్లాటుదా తేలిపోతుంది.

తెర వచ్చాక టాస్క్ మేనేజర్‌లో మొత్తం పరిమాణం, వేగం చూడండి. ‘హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్’ అంకె గిగాబైట్లలో ఉంటే ర్యామ్ దిగినా విండోస్ వాడుకోవడం లేదు. 32 బిట్ విండోసో, సరిగా కూర్చోని పలకో కారణం. ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్ కొంత ర్యామ్ తీసుకోవడం మామూలే.

ఆ రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామును పెన్‌డ్రైవ్‌లో వేసి పూర్తిగా నడపనివ్వండి. ఒక్క తప్పు కనిపించినా ఆ పలక వద్దు. ‘ఒకటేగా’ అని వదిలేస్తే రేపు ఫైళ్లు పాడవుతాయి. తెర ఫొటో తీసి, బిల్లుతో సహా దుకాణానికి తీసుకెళ్లి మార్పించుకోండి. బిల్లు మీద ర్యామ్ రకం, సీరియల్ నంబరు రాయించుకోవడం కొన్న రోజే చేయాలి.

తప్పులేమీ రాకపోతే రెండో మెట్టులోని అదే పనులను, అన్ని ట్యాబులూ తెరిచి మళ్లీ చేయండి. పాత ఫొటోల పక్కన కొత్తవి పెట్టి చూడండి. ‘కమిటెడ్’ అంకె ఇప్పుడు ర్యామ్ పరిమాణం లోపలే ఉండాలి, డిస్కు 100 శాతం దగ్గర ఉండిపోకూడదు. తీసేసిన పాత పలకను మాత్రం ఒక నెల దాకా అమ్మకండి; కొత్తది మొరాయిస్తే తేడా పట్టుకోవడానికి అదే కావాలి.